ఎర్ర దీపం ఆరిన తర్వాత

పలమనేరు,
జనవరి 28.

ప్రియమైన అబ్బాకు,

నాజియా సలాములు. బస్సు పార్శిల్లో ఈ పెట్టె అందగానే నువ్వు ముందు బోర్డు బయటికి తీసి తిప్పి తిప్పి చూస్తావు, ఉత్తరం తర్వాత చదువుతావు. నీ సంగతి నాకు తెలుసు. ఈ ఒక్కసారికి ఉత్తరం ముందు చదువు.

నీ చెవులు పూర్తిగా పోయినప్పటి నుంచి నీతో మాట్లాడాలంటే నాకు కాగితమే దిక్కు. ఫోన్లో మెసేజ్ పెడితే కళ్ళజోడు వెతుక్కునే లోపల స్క్రీన్ ఆరిపోయిందని దాన్ని తిడతావు. ఇంట్లో మనం మాట్లాడేది ఉర్దూ అయినా బడిలో నేర్చింది తెలుగే కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. తప్పులుంటే నవ్వుకో.

నవంబరులో మా మహిళా సంఘం గుడ్లు పొదిగే మిషన్లో పన్నెండు వందల నాటుకోడి గుడ్లు ఉడికిపోయాయని నీకు రెండు ముక్కల్లో రాశాను. మొత్తం రాయడానికి అప్పుడు చెయ్యి రాలేదు. వేడిని అదుపు చేసే నీ బోర్డుతో మొదటి విడత పిల్లలు బ్రహ్మాండంగా దిగాయి కదా, ఇది రెండో విడత. పెట్టి పదహారు రోజులైంది. ఆ మధ్యాహ్నం కాపలా వంతు తిరుమలక్కది. పూర్తి పేరు తిరుమలమ్మ, యాభై దాటిన మనిషి, చదువు రాదు, సంఘంలో నాకన్నా ముందు నుంచీ ఉంది. నేను గుడ్లు సేకరించడానికి గంగవరం వైపు పల్లెలకు పోయాను. మూడింటికి తిరిగొస్తే మిషన్లో వేడి నూట ఎనిమిది ఫారన్‌హీట్ డిగ్రీలు. నూరు దాటకూడని చోట నూట ఎనిమిది. తిరుమలక్క గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని కూర్చుంది. భుజం పట్టి కదిపితే ఉలిక్కిపడి లేచి ఒకటే మాట అంది. "దీపం ఆరిపోయిండాది పాపా, అయినా వేడి ఎక్కతానే ఉండాది."

నేను మెయిన్ స్విచ్ ఆపాను. అంతా చల్లారాక మళ్ళీ వేసి చూశాను. నూరుకు రాగానే హీటరు గుర్తుగా ఉండే ఎర్ర దీపం ఆరింది, హీటరును ఆపే రిలే టిక్‌మంది, వేడి దిగింది. తొంభై తొమ్మిదికి మళ్ళీ వెలిగింది. నాలుగుసార్లు చూశాను, నాలుగుసార్లూ అంతే. మా లీడరు కోమలి నన్ను అందరి ముందూ అడిగింది, బోర్డు బాగుందా అని. బాగుంది, నా చెవులతో నేనే విన్నాను అని చెప్పాను. అయితే తిరుమలమ్మే వేడి పెంచే నాబు తిప్పేసి నిద్రపోయి ఉంటుందని అందరూ తేల్చారు. మినిట్స్ పుస్తకంలో అలాగే రాశారు. అప్పటి నుంచి ఆమెను పనికి పిలవడం లేదు.

అబ్బా, నాకు మనసు కుదురుగా లేదు. ఆమె అబద్ధమాడే మనిషి కాదు. ఫిబ్రవరి పదో తేదీ మళ్ళీ గుడ్లు పెడుతున్నాం. ఇరవై ఒక్క రోజుల పని. ఈసారి పిల్లలు బాగా దిగితే మిషనుది తప్పు కాదని తేలిపోతుంది, మార్చి ఐదో తేదీ మీటింగులో తిరుమలమ్మ పేరు సంఘంలోంచి కొట్టేద్దాం అంటోంది కోమలి. గుడ్లు పోతే సంఘం మూతపడుతుంది. గుడ్లు నిలిస్తే ఆమె మీద దోషం నిలుస్తుంది. ముందు నుయ్యి వెనక గొయ్యిగా ఉంది నాకు.

అందుకే పాత బోర్డు విప్పి, ఏమీ ముట్టకుండా పంపుతున్నాను. నిదానంగా చూసి, దాంట్లో తప్పు ఉందో లేదో ఒక్క మాట రాయి. కొత్తది ఒకటి చేసి పదో తేదీ లోపల పంపు. అమ్మీకి నా సలాం.

నీ కూతురు
నాజియా

*

తిరుపతి,
ఫిబ్రవరి 5.

ప్రియమైన నాజియాకు,

అబ్బా దువా. నువ్వు చెప్పినట్టే ఉత్తరం ముందు చదివాను. రెండుసార్లు చదివాను. తర్వాతే బోర్డు చూశాను.

బోర్డులో ఏమీ లేదు. దుమ్ము పట్టింది. కోడి ఈక ఒకటి ఇరుక్కుని ఉంటే తీసేశాను. దాని గురించి ఇంక ఆలోచించొద్దు.

కొత్తది పంపుతున్నాను. పాతదానికంటే పెద్దది, బరువు. పెట్టెలో నల్ల డబ్బా ఒకటి ఉంటుంది, అది కాంటాక్టర్. హీటరు తీగలు రెండూ దానికే రావాలి. బోర్డు మీదున్న చిన్న రిలేకి హీటరు తీగ తగిలించొద్దు. తగిలించొద్దు అంటే తగిలించొద్దు, ఖలీల్ వచ్చి ఇట్లా చేస్తే సులువు అన్నా వినొద్దు. నీ మొగుడు లారీ బాగా తోలుతాడు, అంతవరకే.

ఎర్ర దీపం ఎప్పట్లాగే ఉంది. దాని పక్కన ఆకుపచ్చ దీపం ఒకటి పెట్టాను. దాని తీగలు కాంటాక్టర్ దాటిన తర్వాత, హీటరు దగ్గర తగిలించు. కాపలా ఉండేవాళ్ళు చూడాల్సింది ఆకుపచ్చ దాన్ని. గోడకు నేను రాసిచ్చిన పాత కాగితం ఉంది కదా, తలుపు తీయొద్దు, మెయిన్ స్విచ్ ముట్టుకోవద్దు అని, దాన్ని చించి పారెయ్యి. కొత్త కాగితం పెట్టెలో ఉంది. చదువు రానివాళ్ళకు నువ్వే చదివి వినిపించు. వేడి నూట రెండు దాటితే ఎవరైనా సరే, ఎవరినీ అడగకుండా మెయిన్ ఆపేయొచ్చు.

నేను మూడు రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదని మీ అమ్మీ నీకు ఫోన్లో చెప్పే ఉంటుంది. ఎండలు మొదలయ్యాయి, అంతే. నాకు వినపడదని ధైర్యంగా తిడుతూ తిరుగుతోంది గానీ పెదవులు చదవడం నాకు వచ్చేసిందని ఆమెకింకా తెలీదు.

గుడ్లు పెట్టిన రోజే తీగలన్నీ ఇంకోసారి బిగించు. బిగించి నాకు రాయి.

మీ అబ్బా
ఫకృద్దీన్

*

పలమనేరు,
ఫిబ్రవరి 14.

ప్రియమైన అబ్బాకు,

సలాం. గుడ్లు పెట్టి నాలుగు రోజులు. వెయ్యి నూట యాభై. తీగలు రెండుసార్లు బిగించాను. వేడి నూరు దగ్గర రాయిలా నిలబడింది. అయినా నాకు మిషను ముందు నుంచి లేవబుద్ధి కావడం లేదు. ఇంట్లో గిన్నె టక్కుమన్నా రిలే అనుకుంటున్నాను. అత్తగారు నన్ను చూసి, గుడ్లు మిషన్లో పెట్టావా, నువ్వే పొదుగుతున్నావా అని నవ్వుతోంది.

నిన్నొకటి అడగాలి. నేను చిన్నప్పుడు బడి నుంచి రాగానే నీ బల్ల దగ్గరే కూర్చునేదాన్ని, అంతో ఇంతో తెలుసు. పాత బోర్డులో ఐ.సి. కాలు నుంచి తీగ నేరుగా రిలేకే పోయింది. మధ్యలో ఏమీ లేదు. కొత్తదాంట్లో మధ్యలో ట్రాన్సిస్టర్ ఉంది, రిలే పక్కన డయోడ్ ఉంది, రిలే తర్వాత అరకిలో బరువున్న కాంటాక్టర్ ఉంది, అదీ చాలక ఇంకో దీపం ఉంది. పాతది బాగుంటే ఇవన్నీ ఎందుకు అబ్బా? గోడమీది కాగితం ఎందుకు మారింది?

మొన్న సంతలో తిరుమలక్క కనిపించింది. నన్ను చూసి పక్కకు తిరిగింది. నేనే పోయి చెయ్యి పట్టుకున్నాను. ఏమక్కా, ఆ రోజు ఏం జరిగిందో నాకు మళ్ళీ ఒకసారి చెప్పు అన్నాను. ఇంతకుముందు దీపం ఆరింది, వేడి ఎక్కింది అని గట్టిగా చెప్పేది కదా. ఇప్పుడు తల దించుకుని, "నిద్రపోయినానేమో పాపా. అందురూ అంటా ఉండారు కదా" అంది. ఆ మాట విన్నాక సంతలో ఏం కొన్నానో, ఇంటికి ఎట్లా వచ్చానో తెలీదు.

జవాబు త్వరగా రాయి.

నీ కూతురు
నాజియా

*

తిరుపతి,
ఫిబ్రవరి 19.

ప్రియమైన నాజియాకు,

దువా. ముసలివాడి చాదస్తం అనుకో. కొత్త బోర్డులో అన్నీ ఎక్కువే పెట్టాను, తక్కువేమీ పెట్టలేదు కదా. నువ్వు అడిగావు కాబట్టి ఎందుకో చెబుతాను, తెలుసుకోవడం మంచిదే.

బోర్డు మీద ఎనిమిది కాళ్ళ ఐ.సి. ఉంది చూడు, దాన్ని కంపారేటర్ అంటారు. అది త్రాసు ముల్లు లాంటిది. ఒక పక్క నువ్వు నాబుతో పెట్టిన వేడి, ఇంకో పక్క మిషను లోపలున్న వేడి. ఎటు బరువో చెప్పడమే ముల్లు పని. మోయడం దాని పని కాదు. ముల్లుకు టమాటా బాక్సు తగిలిస్తే ఏమవుతుంది? దాని కాలు ఓర్చుకునేది పదిహేను మిల్లీ ఆంపియర్లు. ఈ రిలేని గట్టిగా లాగాలంటే ముప్పై కావాలి. నీ హీటరు తాగేది ఎనిమిది వేలు. అందుకని మెట్టు మెట్టుగా పోవాలి. ముల్లు ట్రాన్సిస్టర్‌కు చెబుతుంది, ట్రాన్సిస్టర్ రిలేని లాగుతుంది, రిలే కాంటాక్టర్‌ను లాగుతుంది, కాంటాక్టర్ హీటరును మోస్తుంది. రిలే వదిలేటప్పుడు వెనక్కి తన్నే కరెంటును డయోడ్ మింగుతుంది. నూరు దగ్గర ముల్లు అటా ఇటా అని వణక్కుండా ఒక రెసిస్టర్ కూడా వేశాను, నువ్వు గమనించలేదు.

ఇవేవీ లేకపోతే రిలే నీరసంగా లాగుతుంది. లోపల పాయింట్లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవు, నిప్పురవ్వలు లేస్తాయి, వేడికి కరిగి అతుక్కుంటాయి. అతుక్కున్నాక రిలే టిక్‌మన్నా, ఎర్ర దీపం ఆరినా హీటరు కాలుతూనే ఉంటుంది. ఎర్ర దీపం ముల్లు ఏం చెప్పిందో చూపిస్తుంది, హీటరు ఏం చేస్తోందో చూపించదు. కాబట్టి ఎర్రదాన్ని నమ్మొద్దు.

కాంటాక్టర్ మీద చెయ్యి పెట్టి చూడు, వేడిగా ఉందా? గుయ్యిమని మోగుతోందా? నాకు రాయి. గుడ్లలో ప్రాణం ఉందా? అదీ రాయి. సంతకు పోవడం తగ్గించు.

మీ అబ్బా
ఫకృద్దీన్

*

పలమనేరు,
ఫిబ్రవరి 22.

ప్రియమైన అబ్బాకు,

గుడ్లకు పన్నెండో రోజు. దీపం ముందు పెట్టి చూస్తే ఎక్కువ గుడ్లలో నరాలు కనిపిస్తున్నాయి. కాంటాక్టర్ చల్లగా ఉంది, మోగడం లేదు. నువ్వడిగినవన్నీ చెప్పాను. ఇప్పుడు నేనడిగేది చెప్పు.

ఎర్ర దీపం ఆరినా హీటరు కాలుతూనే ఉంటుంది అని రాశావు. ఈ మాట నేను ఇంతకుముందు ఒక్కరి నోటనే విన్నాను. ఆమెకు కరెంటు గురించి ఓనమాలు తెలీవు. ఆమె ఊహించి చెప్పలేదు, చూసి చెప్పింది. నా మొదటి ఉత్తరంలో ఆ మాట నీకు రాశాను. రెండుసార్లు చదివానన్నావు.

తిరుమలక్క చెప్పింది నిజమా? అవును, కాదు. రెండిట్లో ఒకటి రాయి. పిల్లలు దిగే రోజు దగ్గరపడే కొద్దీ నాకు సంతోషం రావాలి, భయం వస్తోంది. గుడ్డు గుడ్డుకూ ఆమె మీద సాక్ష్యం పెరుగుతున్నట్టుంది.

నాజియా

*

పలమనేరు,
ఫిబ్రవరి 27.

ప్రియమైన అబ్బాకు,

ఐదు రోజులైంది. రోజూ బస్టాండుకు పోయి పార్శిల్ కౌంటర్లో అడుగుతున్నాను. అమ్మీకి ఫోన్ చేస్తే నువ్వు పనిముట్ల సంచీ తీసుకుని రేణిగుంటకు పోయావంది. మరుసటి రోజు చేస్తే గూడూరుకు పోయావంది. నువ్వు షాపు వదిలి ఊళ్ళు తిరిగి ఐదేళ్ళయింది. వెనక బస్సు హారన్ కొట్టినా వినపడని మనిషివి, ఒక్కడివే ఎందుకు పోయావు? అమ్మీని అడిగితే, మీ అబ్బానే అడుక్కో అని ఫోన్ పెట్టేసింది.

నువ్వు జవాబు రాయకపోవడమే జవాబు అనుకోమంటావా? నేను అనుకోను. నీ చేత్తో రాయాలి. మీటింగుకు ఆరు రోజులే ఉన్నాయి. ఊరికే వచ్చి నిలబడి నాకేదో అనుమానంగా ఉంది అంటే కోమలి ఒప్పుకోదు, ఎవరూ ఒప్పుకోరు. బోర్డు బాగుందని చెప్పిందాన్ని నేనే కదా.

క్షేమంగా ఇల్లు చేరావని మాత్రం ఫోన్లో చెప్పించు.

నాజియా

*

తిరుపతి,
మార్చి 2.

ప్రియమైన నా బిడ్డకు,

అవును. తిరుమలమ్మ చెప్పింది నిజం.

నీ మొదటి ఉత్తరంలో ఆమె మాట చదవగానే, బోర్డు విప్పకముందే నాకు తెలిసిపోయింది. రిలే మూత కోసి చూస్తే పాయింట్లు రెండూ నల్లగా కరిగి, అతుక్కుని, మళ్ళీ ఊడిన మచ్చ ఉంది. నీకు దుమ్మని రాశాను. కోడి ఈక ఉన్న మాట మాత్రం నిజం.

నేను చేసిన పని చెబుతాను. ఇరవై ఏళ్ళుగా వాటర్ ట్యాంకు నిండితే మోగే బోర్డులు చేస్తున్నాను కదా, తిరుపతిలో ఎన్ని మిద్దెల మీద ఉన్నాయో నాకే లెక్క తెలీదు. వాటిలో కంపారేటర్ కాలుకు నేరుగా బజర్ తగిలిస్తాను. బజర్ తాగేది చిటికెడు కరెంటు, ముల్లు దాన్ని సులువుగా ఓర్చుకుంటుంది. నువ్వు గుడ్ల మిషనుకు బోర్డు త్వరగా కావాలన్నప్పుడు నా బల్ల మీద ట్యాంకు బోర్డు ఒకటి తయారుగా ఉంది. బజర్ ఊడదీసి, అదే చోట రిలే తగిలించాను. అలవాటు చొప్పున రిలే మీద వేలు పెట్టాను, టిక్కుమని తగిలింది. అరవై వాట్ల బల్బు పెట్టాను, వెలిగింది, ఆరింది. పాస్ అని రాసి ప్యాక్ చేశాను. బల్లమీద బల్బును వెలిగించింది రెండు వేల వాట్ల హీటరును కూడా మోస్తుందని నలభై ఏళ్ళు ఈ పని చేసినవాడు అనుకోకూడదు. నేను అనుకోవడం కూడా కాదు, ఆలోచించనే లేదు. పాయింట్లు చల్లారగానే టప్పున ఊడాయి. అందుకే నువ్వు నాలుగుసార్లు చూసినా బోర్డు బాగానే కనిపించింది. పైగా తలుపు తీయొద్దు, మెయిన్ ముట్టుకోవద్దు అని కాగితం రాసి ఆ మనిషి చేతులు కట్టేసింది కూడా నేనే.

ఎందుకు అబద్ధం రాశానని నువ్వు అడుగుతావు. వినపడటం మానేశాక జనం నాతో మాట్లాడటం మానేశారు. బోర్డు ఇస్తారు, వేలితో చూపిస్తారు, పోతారు. భాయ్ బోర్డు అంటే నమ్మకం అన్న ఆ ఒక్క మాటే నాకు మిగిలింది. అది పోతుందని భయపడ్డాను. ఆ బోర్డును సంఘానికి తెచ్చిందానివి నువ్వు కాబట్టి నిన్ను అంటారని కూడా భయపడ్డాను. ఈ రెండో భయమే పెద్దదని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. కాదు. మొదటిదే పెద్దది.

నీ పన్నెండో రోజు ఉత్తరం వచ్చినప్పుడు నాకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. అదే నెలలో అట్లాంటివే ఇంకా రెండు చేశాను. ఒకటి రేణిగుంటలో పుట్టగొడుగుల షెడ్డుకు, ఒకటి గూడూరులో నిమ్మకాయల మండీకి. ముందు వాటిని ఊడదీయాలని పోయాను. అందుకే ఆలస్యం. రెండుచోట్లా తప్పు నాదని చెప్పాను. వాళ్ళేమన్నారో వినపడలేదు, మొహాలు చూశాను. మొహాలు చూడటం వినడం కంటే కష్టంగా ఉంది.

తిరిగొచ్చాక మీ అమ్మీ నీ ఉత్తరం తెచ్చి నా బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చుంది. ఈ రోజు రంజాన్ మొదటి రోజా, ఉపవాసం. నోట్లో నీళ్ళు కూడా పోయకుండా ఇది రాస్తున్నాను, కాబట్టి ఇందులో అబద్ధం లేదు.

కాలిన రిలే పెట్టెలో పెట్టాను. ఈ ఉత్తరం మీటింగులో అందరి ముందూ చదువు. తప్పు ఫకృద్దీన్‌ది అని చెప్పు. నీ పేరు మాత్రం మధ్యలోకి తేవద్దు. నువ్వు నన్ను నమ్మావు, అంతే.

మీ అబ్బా
ఫకృద్దీన్

*

పలమనేరు,
మార్చి 6.

ప్రియమైన అబ్బాకు,

సలాం. పిల్లలు దిగాయి. తొమ్మిది వందల పైచిలుకు. గదంతా ఒకటే కిచకిచ. ఈ మాట ముందు రాయకపోతే నువ్వు కింది వరకు చదవవని ముందే రాస్తున్నాను.

నీ పార్శిల్ నాలుగో తేదీ అందింది. మీటింగులో చదవమన్నావు. నేను ఐదో తేదీ పొద్దున్నే ముందు తిరుమలక్క ఇంటికి పోయాను. ఆమె సంగతి ఆమెకన్నా ముందు ఊరికి చెప్పడం న్యాయం అనిపించలేదు. ఆమె వసారాలో కూర్చుని చింతపండు కొడుతోంది. ఈ సీజన్లో ఆమెకు అదే కూలి. నన్ను కూర్చోమని కూడా అనలేదు. నేనే కూర్చుని నీ ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా చదివాను. ముల్లు గురించి, బజర్ గురించి, కాగితం గురించి, అన్నీ. ఆమె సుత్తితో ఒక్కో కాయా కొట్టి గింజ తీస్తూనే ఉంది.

తర్వాత నువ్వు చెప్పొద్దన్నది కూడా చెప్పాను. మా నాయన చేసింది బోర్డు వరకే అక్కా, నీ మీద సాక్ష్యం చెప్పింది నేను, టిక్‌మని విన్నాను కాబట్టి నీ మాట వినలేదు అని. ఈ విషయంలో నీ మాట వినలేదు అబ్బా, ఏమీ అనుకోకు. ఆమె పీట పక్కన పెట్టి లేచింది. "మీటింగుకు నేను కూడా వస్తా" అంది.

మీటింగులో కోమలి మొదట ఒప్పుకోలేదు. పిల్లలు దిగినాయి, అందరూ సంతోషంగా ఉన్నారు, ఇప్పుడు ఇదంతా తవ్వితే గుడ్లిచ్చే పల్లెలవాళ్ళు మన మిషనును నమ్ముతారా, ఆమెను ఊరికే మళ్ళీ పనిలోకి తీసుకుందాం, పుస్తకంలో రాసింది అట్లానే ఉండనీ అంది. చాలామంది తలలు ఊపారు. నేను ఏదో అనబోతే తిరుమలక్క చెయ్యి అడ్డం పెట్టింది. "నేను సెప్పింది ఆ పొద్దు మీరు రాసుకోలేదు. ఇప్పుడు రాయండి. దీపం ఆరిపోయిండాది, వేడి ఎక్కతానే ఉండాది. ఇంతే రాయండి" అంది. గొంతు పెంచలేదు. కోమలి చివరికి పెన్ను తీసి రాసింది. పాత వాక్యం కొట్టేసింది. దాని కింద నాజియా సరిగా చూడకుండా బోర్డు బాగుందని చెప్పినందున ఈ పొరపాటు జరిగింది అని కూడా నేనే దగ్గరుండి రాయించాను. కాలిన రిలే చేతులు మారుతూ గదంతా తిరిగింది. తిరుమలక్క ఆ పేజీ రెండుసార్లు చదివించుకుని వేలిముద్ర వేసింది. తర్వాతి విడత నుంచి కాపలాకు వస్తావా అని కోమలి అడిగితే, చూస్తాను అంది. రానని అనలేదు.

నీ మీద నాకు కోపంగా ఉంది. నువ్వు దుమ్మని రాసిన రోజు నుంచి నెల రోజులు ఆమె తల ఇంకా దించుకునే తిరిగింది. అయినా గూడూరు దాకా ఒక్కడివే పోయినందుకు నిన్ను చూడాలని ఉంది. ఈ ఆదివారం ఇఫ్తారుకు వస్తున్నాను. కోపం తగ్గే దాకా ఆగితే పండగ దాటిపోతుంది, కోపంతోనే వస్తాను. అమ్మీతో చెప్పు.

ఇంకొక్కటి రాస్తే గానీ ఈ ఉత్తరం మూయలేను. మీటింగు అయ్యాక తిరుమలక్కతో వాళ్ళ ఇంటి దాకా నడిచాను. వాళ్ళ వీధి మలుపులో ఆగి, నా మొహం చూడకుండా అడిగింది. "పాపా, అయితే ఆ పొద్దు నేను నిద్రపోలేదా?"

నీ ఉత్తరం విని, పుస్తకంలో రాయించి, వేలిముద్ర వేసి వచ్చిన మనిషి అబ్బా. అప్పటికీ తన మీద తనకు నమ్మకం రాలేదు. నేను నోరు తెరిచేలోపే ఆమె మళ్ళీ అంది. "తలుపు తీయద్దంటిరి, స్విచ్చు ముట్టద్దంటిరి. పక్కింట్లో నుంచి చేట తెచ్చి ఆ గాలి బొక్కల కాడ విసిరినా పాపా, చేతులు పడిపోయే దాకా విసిరినా. ఆమీట కూలబడిపోయినా. అందురూ నిద్రపోయినావంటే, ఆ విసిరింది కూడా కల్లోనేమో అనుకున్నా."

ఆ రోజు మిషను పక్కన నేల మీద చేట పడి ఉండటం నేను నా కళ్ళతో చూశాను. కాలితో పక్కకు నెట్టి లోపలికి పోయాను. గుడ్ల మిషను దగ్గర చేట ఎందుకుందని నాకు నేను కూడా అడుక్కోలేదు. అదే ఆమెకు చెప్పాను. "కల కాదక్కా. ఆ చేట నేను చూసినా" అన్నాను. అక్కడే రోడ్డు మీద కూర్చుని ఏడ్చేసింది. నేనూ కూర్చున్నాను.

నీ కూతురు
నాజియా